కోబాల్‌లో వేశారా? రాజీనామాకు ముందు ఒక్కమాట

రెండు నెలల క్రితం ఒక శుక్రవారం రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇంజినీరింగ్ అయిపోగానే క్యాంపస్‌లో ఉద్యోగం తెచ్చుకుని హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉంది. కాలేజీలో జావా, పైథాన్ బాగానే నేర్చుకుంది. ఫైనలియర్ ప్రాజెక్టు మెషిన్ లెర్నింగ్‌లో చేసింది. ఫోన్ ఎత్తగానే ఏడుపు. ‘మామయ్యా, నన్ను మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారు. కోబాల్ అట. మా రూమ్మేట్లకి క్లౌడ్, డేటా ఇచ్చారు. నాకే ఈ తాతల కాలం నాటిది తగిలింది. మానేసి వచ్చేయనా?’ అంది.

ఇది చదువుతున్న మీలో కొందరికి వచ్చే ఏడాది ఇదే పరిస్థితి ఎదురవుతుంది. సర్వీస్ కంపెనీల్లో చేరేటప్పుడు మీకు ఏం వచ్చో కంపెనీ అడుగుతుంది. ఏం ఇవ్వాలో మాత్రం ఆ నెలలో ఏ ప్రాజెక్టులో ఎన్ని ఖాళీలున్నాయో చూసి ఇస్తుంది. ఆఫర్ లెటర్‌లో ‘ఏ టెక్నాలజీలోనైనా పనిచేయాలి’ అన్న వాక్యం ఉంటుంది. జీతం అంకె చూసిన కళ్లు ఆ వాక్యం దగ్గర ఆగవు.

మా మేనకోడలికి చెప్పిందే మీకూ చెబుతాను. కోబాల్ చేతికొస్తే పారిపోకండి. అలాగని జీవితాంతం దాన్నే పట్టుకుని కూర్చోకండి. ఈ రెండింటి మధ్య ఏముందో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను కోబాల్ నేర్చుకున్నది 1998లో, అమీర్‌పేట్‌లో. అప్పట్లో మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా మెయిన్‌ఫ్రేమ్ బోర్డే. కారణం వైటూకే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకున్నారు. 1998ని 98 అని. 2000 రాగానే అది 00 అవుతుంది, కంప్యూటర్ 1900 అనుకుంటుంది. వడ్డీలు, వయసులు, గడువులు అన్నీ తలకిందులు. కోట్ల లైన్ల కోడ్‌ను ఎవరో ఒకరు కూర్చుని చదివి సరిచేయాలి. అంతమంది అమెరికాలో లేరు. మన దగ్గర దొరికారు. జిరాక్స్ మెటీరియల్ చదువుకుని, అసలు మెయిన్‌ఫ్రేమ్‌ను కంటితో కూడా చూడకుండానే ఉద్యోగాల్లో చేరిపోయాం. నేనూ చేరాను.

2000 జనవరి ఒకటిన ప్రపంచం మునిగిపోలేదు. మునిగిపోకుండా చేసినవాళ్లలో మేమూ ఉన్నాం. అయితే పని అయిపోయింది కదా. ఆ తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. ఏడాదిన్నర తిరక్కుండా నేను పనిచేసే కంపెనీ నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇంటికి పంపించింది. ఒక్క లాంగ్వేజ్ తప్ప ఇంకేమీ రానివాడి పరిస్థితి ఏంటో అప్పుడు తెలిసొచ్చింది. పదకొండు నెలలు ఖాళీగా ఉన్నాను. నన్ను మళ్లీ ఉద్యోగంలోకి తెచ్చింది కూడా కోబాలే, ఒక అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులో. అందుకే దాని మీద నాకు మోజూ లేదు, కోపమూ లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కోబాల్ పుట్టింది 1959లో. అమెరికా రక్షణ శాఖ చొరవతో కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు కలిసి, ఏ కంపెనీ కంప్యూటర్ మీదైనా నడిచే వ్యాపార లాంగ్వేజ్ కావాలని మొదలుపెట్టాయి. అంతకుముందు గ్రేస్ హాపర్ అనే గణిత శాస్త్రవేత్త తయారుచేసిన ఫ్లోమ్యాటిక్ దీనికి చాలావరకు పునాది. ఇంగ్లిష్ వాక్యాల్లా ఉంటుంది. కూడు, తీసెయ్, పెద్దదైతే ఇలా చెయ్ అని పొడుగ్గా రాస్తారు. కంప్యూటర్ సైన్స్ పండితులకు ఇది మొదట్నుంచీ నచ్చలేదు. దీన్ని నేర్పడాన్ని నేరంగా చూడాలని 1975లోనే డైక్‌స్ట్రా రాశాడు. అప్పటికే దాని పని అయిపోయిందన్నారు. యాభై ఏళ్లు గడిచాయి. ఆ మాట అన్నవాళ్లు పోయారు, అది ఉంది. మధ్యలో కొత్త ప్రమాణాలూ వచ్చాయి, తాజాది 2023లో.

ఎందుకుంది? డబ్బు వల్ల. మీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ తెరిచి 0.1కి 0.2 కలపండి. 0.3 రాదు. 0.30000000000000004 అని వస్తుంది. పైథాన్ తప్పేమీ కాదు, కంప్యూటర్ దశాంశాలను రెండు అంకెల లెక్కలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా అది. మీ కాలేజీ ప్రాజెక్టుకి దానివల్ల నష్టం లేదు. లక్షల ఖాతాలకు రోజూ రాత్రి వడ్డీ కట్టే బ్యాంకుకి ఉంది. కోబాల్‌లో మనం కాగితం మీద లెక్క వేసినట్టే, దశాంశాలను దశాంశాలుగానే దాస్తారు. రూపాయలకు ఇన్ని స్థానాలు, పైసలకు రెండు స్థానాలు అని ముందే డిక్లేర్ చేస్తారు. జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్ ఇదే పని చేస్తాయి. కాకపోతే అక్కడ గుర్తుపెట్టుకుని వాడాలి, ఇక్కడ అది పుట్టుకతోనే ఉంది.

రెండో కారణం ఐబీఎం. 1964లో సిస్టమ్/360 తెచ్చినప్పట్నుంచీ ఆ కంపెనీ ఒక మాట మీద ఉంది: పాత ప్రోగ్రామ్ కొత్త మెషిన్ మీద నడవాలి. మీ ఫోన్‌లో రెండేళ్ల కిందటి యాప్ అప్‌డేట్ అడుగుతుంది. అక్కడ మా నాన్న తరంవాళ్లు రాసిన ప్రోగ్రామ్ ఈ రాత్రి కూడా బ్యాచ్‌లో నడుస్తుంది. నడుస్తున్నదాన్ని ఎవరు కదుపుతారు?

ప్రపంచంలో ఇన్ని వేల కోట్ల లైన్ల కోబాల్ ఉందని, ఏటీఎంలలో ఇంత శాతం దాని మీదే నడుస్తాయని వాట్సాప్‌లో, లింక్డిన్‌లో అంకెలు తిరుగుతుంటాయి. ఇంటర్వ్యూలో వాటిని ఒప్పజెప్పకండి. అవతలివాడు ‘ఎవరు లెక్కపెట్టారు?’ అంటే మీ దగ్గర జవాబుండదు. జరిగిన సంగతులు చాలు. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ వచ్చి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల ముందు నిలబడి, కోబాల్ తెలిసిన వాలంటీర్లు కావాలని అడిగాడు. అమెరికాలో ఒక రాష్ట్రం పరిస్థితి అది.

‘మరి అంత పాతదైతే మార్చేయొచ్చుగా సార్?’ అని సెమినార్లకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాలన్నీ పాత సిస్టమ్ నుంచి కొత్త దాంట్లోకి ఒకే వారాంతంలో మార్చింది. సోమవారానికి లక్షలమంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాల వివరాలు కనిపించాయి. అంతా కుదురుకోవడానికి ఆ డిసెంబరు దాకా పట్టింది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. పిల్లి మెడలో గంట కట్టడమంటే ఇదే. అందరికీ కట్టాలనే ఉంటుంది.

కష్టం లాంగ్వేజ్‌లో లేదు. ఇది బాగా అర్థం చేసుకోండి, మీ కెరియర్‌కి పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. నేను ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో చేరిన మొదటి ఏడాది ఒక ప్రోగ్రామ్‌లో వింత షరతు కనిపించింది. ఫలానా రాష్ట్రం, ఫలానా తేదీకి ముందు తీసుకున్న పాలసీ అయితే కమీషన్ వేరేలా లెక్కేయాలి. ఎందుకో కామెంట్ లేదు. మా టీమ్‌లో ఎవరికీ తెలీదు. ఇక పనికిరాని కోడ్ అనుకుని టెస్ట్‌లో తీసేశాను. రిపోర్టులు బాగానే వచ్చాయి. క్లయింట్ వైపు రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒకావిడ ఉండేది. ఆమె ఒక్క పేజీ చూసి, ‘ఆ తేదీకి ముందు ఏజెంట్లతో మాకు వేరే ఒప్పందం ఉంది. వాళ్లలో కొందరు బతికే ఉన్నారు, వాళ్లకి ఇంకా నెలనెలా డబ్బు వెళ్లాలి’ అంది. ఆ ఒప్పందం కాగితం ఏ బీరువాలో ఉందో ఆవిడకీ తెలీదు. అది బతికున్నది ఆ నాలుగు లైన్లలోనే.

కోబాల్‌ను జావాలోకి మార్చడమంటే ఇలాంటి నాలుగేసి లైన్లను, వేల చోట్ల, ఒక్కటి కూడా పోకుండా మోసుకెళ్లడం. లాంగ్వేజ్ మార్చే టూల్స్ ఎప్పట్నుంచో ఉన్నాయి. అవి తయారుచేసే జావాను మా వాళ్లు ‘జోబాల్’ అని వెక్కిరిస్తారు. ఒళ్లంతా కోబాల్, చొక్కా మాత్రం జావా. కోబాల్ తెలిసినవాడికీ అర్థం కాదు, జావా కుర్రాడికీ అర్థం కాదు.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా అంటారు. వచ్చింది. తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. 2023లో ఐబీఎం తానే కోబాల్‌ను జావాలోకి మార్చడానికి సాయపడే ఏఐ టూల్ ప్రకటించింది. వేరే కంపెనీలవీ ఉన్నాయి. మూడు వేల లైన్ల ప్రోగ్రామ్ ఇచ్చి ఇదేం చేస్తుందో చెప్పమంటే, నాకు రెండు రోజులు పట్టేది ఇవి నిమిషాల్లో చెబుతున్నాయి. చూసి మొదట నాకూ గుండె జారింది. నిజం చెప్పాలంటే, కోడ్ చదివి ఇంగ్లిష్‌లో రాసిపెట్టడమే పనిగా ఉన్నవాళ్ల ఉద్యోగాలకు ముప్పుంది. కానీ కోడ్ ఏం చేస్తుందో చెప్పడం వేరు, అది అలా ఎందుకు చేస్తుందో చెప్పడం వేరు. బీరువాలో కూడా లేని ఒప్పందం గురించి టూల్‌కి ఎవరు చెబుతారు? ఇంకో చిన్న విషయం. కోబాల్‌లో మీరు ప్రత్యేకంగా అడగకపోతే చివరి పైసను రౌండ్ చేయదు, కత్తిరించేస్తుంది. జావాలోకి వెళ్లినప్పుడు ఎవరో మంచి ఉద్దేశంతో రౌండ్ చేస్తారు. ఒక్కో ఖాతాలో పైసా తేడా. లక్షల ఖాతాలు. ఆడిటర్ ముందు కూర్చుని ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాల్సింది మనిషే. పాతదీ, కొత్తదీ రెండూ చదవగలిగే మనిషి. పాతది మాత్రమే తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు. కొత్తది మాత్రమే తెలిసినవాళ్లు ఏటా కాలేజీల్లోంచి వేలమంది వస్తున్నారు. రెండూ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి.

ఇదంతా విని అమీర్‌పేట్ వెళ్లి ఫీజు కట్టి కోబాల్‌లో చేరిపోకండి. దయచేసి. ఫ్రెషర్‌గా, చేతిలో ఏ ఆఫరూ లేకుండా, కోబాల్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉద్యోగం వెతుక్కోవడం కష్టం. ఈ పని పెద్ద కంపెనీల దగ్గరే ఉంటుంది, వాళ్లు క్యాంపస్ నుంచి తీసుకుని తామే నేర్పించుకుంటారు. అమెరికాలో కోబాల్ వాళ్లకు గంటకు అన్ని డాలర్లు, ఇన్ని డాలర్లు అని చూపించే వీడియోలు ఉంటాయి. అవి ముప్పై ఏళ్లు ఒకే బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దలకు ఇచ్చేవి. మీకూ, మీ పక్క సీట్లో జావాలో పడ్డ అబ్బాయికీ మొదటి జీతం సాధారణంగా ఒకటే.

నష్టాలూ చెప్పాలి. లేకపోతే నేనూ కోచింగ్ సెంటర్ బోర్డులాగే మాట్లాడినవాణ్నవుతాను. మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారంటే కోడ్ రాయిస్తారని గ్యారంటీ లేదు. చాలామందిని ప్రొడక్షన్ సపోర్ట్‌లో కూర్చోబెడతారు. రాత్రిళ్లు బ్యాచ్ జాబులు చూడటం, ఆగిపోతే మళ్లీ నడపడం, టికెట్ మూసేయడం. ఇలా మూడేళ్లు గడిస్తే రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం ఉంటుంది, చేతిలో ఆరు నెలల పని ఉంటుంది. మారదామంటే బయటివాళ్లు ‘మీది మెయిన్‌ఫ్రేమ్ కదా’ అని పక్కనపెడతారు. పైగా మూడు నెలల నోటీస్ పీరియడ్. నాతోపాటు చేరినవాళ్లలో ఇలా ఇరుక్కుపోయినవాళ్లున్నారు. తెలివి తక్కువ వాళ్లేం కాదు. ఎవరూ ముందు చెప్పలేదు, అంతే.

అందుకే మొదటి నెలలోనే మేనేజర్‌ని అడగండి: ‘సార్, నేను డెవలప్‌మెంట్‌లోనా, సపోర్ట్‌లోనా? ఈ అకౌంట్‌లో మోడర్నైజేషన్ పని ఏమైనా ఉందా?’ అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు ఊరుకుంటారు. అడిగినవాణ్నే గుర్తుపెట్టుకుంటారు. సపోర్ట్‌లోనే వేశారనుకోండి, ఏడాది చేయండి. ఆ ఏడాదీ టికెట్ మూసేసి పడుకోకండి. రాత్రి రెండింటికి జాబ్ సాక్-7తో అబెండ్ అయిందనుకోండి. అంటే అంకెలుండాల్సిన చోట ఇంకేదో, ఎక్కువసార్లు ఖాళీలు, వచ్చి పడిందని అర్థం. ఆ రికార్డును పక్కకు తీసి జాబ్‌ను మళ్లీ నడిపితే మీ పని అయిపోయినట్టే. కానీ ఆ ఖాళీలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఏ ఫైల్, ఎవరు పంపారు, ఏ స్క్రీన్ మీద ఎవరు ఏ గడి నింపకుండా వదిలేశారు? ఆ తీగ పట్టుకుని వెనక్కి వెళితే ఒక బ్యాంకు ఎలా నడుస్తుందో మీకు అర్థమవుతుంది. క్లెయిమ్ అంటే ఏంటి, సెటిల్‌మెంట్ ఎప్పుడు జరుగుతుంది, నెలాఖరున ఏం ముడిపెడతారు. ఈ తెలివి లాంగ్వేజ్‌తోపాటు పాతబడదు. నన్ను ఇన్నేళ్లు ఉద్యోగంలో ఉంచింది ఇదే. కోబాల్ సింటాక్స్ నెల రోజుల్లో ఎవరికైనా వస్తుంది.

రెండో చెయ్యి ఖాళీగా ఉంచకండి. ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టుకోండి, మెయిన్‌ఫ్రేమ్ మీద డీబీ2తో అది రోజూ పనికొస్తుంది. జావాను మరిచిపోకండి. కోబాల్ నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువమంది వెళ్లేది అక్కడికే. గిట్, ఏపీఐలు తెలిసుండాలి. ఇప్పుడు పాత ప్రోగ్రామ్‌ను అలాగే ఉంచి, ముందు ఏపీఐ పెట్టి మొబైల్ యాప్‌తో కలిపే పని చాలా చోట్ల జరుగుతోంది. టీఎస్‌బీ లాంటి అనుభవాల తర్వాత ఒకేసారి అంతా మార్చే ధైర్యం తక్కువమందికే ఉంది. ముక్కముక్కగా మారుస్తారు. ఆ మధ్యలో నిలబడే మనిషి మీరు కావాలి. కోబాల్ రుచి చూడాలనుకునేవాళ్లు ఒక్క రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు. ఐబీఎం జడ్ ఎక్స్‌ప్లోర్‌లో అసలు మెయిన్‌ఫ్రేమ్ మీదే ఉచితంగా నేర్చుకోవచ్చు. ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ వాళ్ల కోబాల్ కోర్సు కూడా ఉచితమే. ల్యాప్‌టాప్‌లో గ్నూకోబాల్ వేసుకోవచ్చు. మా కాలంలో ఇవేవీ లేవు, జిరాక్స్ కాగితాలే.

రెజ్యూమె విషయంలో ఒక మాట. ‘కోబాల్, జేసీఎల్, వీశామ్, డీబీ2’ అని వరసగా రాసి వదిలేయకండి. మీ ప్రోగ్రామ్ ఏ పని చేస్తుంది, అది ఆగితే ఎవరికి ఏం ఆగుతుంది, మీరు పట్టుకున్న తప్పు ఏంటి, అవి రాయండి. ఇంటర్వ్యూ చేసేవాడికి కోబాల్ రాకపోయినా ఆ భాష అర్థమవుతుంది. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు చూసేదీ అదే.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా. మీరు కొత్తది అనుకుంటున్న పైథాన్ 1991లో బయటికొచ్చింది. పాతది అనుకుంటున్న జావా 1995లో. సీ లాంగ్వేజ్, ఎస్‌క్యూఎల్ 1970లవి. మీరు ఈరోజు రాసే జావాను 2050లో ఎవరో అమ్మాయి చూసి వాళ్ల మామయ్యకు ఫోన్ చేసి ఏడవొచ్చు. ఏ లాంగ్వేజ్‌లో వేశారన్నదాని కన్నా, రోజూ ఏం చేయిస్తున్నారన్నది చూసుకోండి. పద్దెనిమిది నెలల తర్వాత కూడా మీకు కోడ్ ముట్టుకోనివ్వకపోతే, వ్యాపారం గురించి ఒక్క కొత్త ముక్క తెలియకపోతే, అప్పుడు మారండి. అది కోబాల్ అయినా, క్లౌడ్ అయినా. క్లౌడ్‌లో కూడా టికెట్లు మూసే ఉద్యోగాలున్నాయి. మా మేనకోడలి రూమ్మేట్ ఒకరు ఇప్పుడు ఆ పనే చేస్తోంది.

మేనకోడలు మానేయలేదు. పోయిన ఆదివారం ఇంటికొచ్చి అన్నం తింటూ, ‘మామయ్యా, ఒక ప్రోగ్రామ్‌లో బ్రాంచ్ కోడ్ 7తో మొదలైతే ఫీజు వేయకుండా వదిలేస్తున్నారు. ఎందుకై ఉంటుంది?’ అని అడిగింది. నాకెలా తెలుస్తుంది తల్లీ, క్లయింట్‌ని అడుగు అన్నాను. అడిగిందట, వాళ్లకీ తెలీదట. వెతుకుతున్నారట. వెళ్తూ వెళ్తూ నా 1998 నాటి జిరాక్స్ మెటీరియల్ పట్టుకెళ్లింది.